క్రేన్ క్యాబిన్‌లో ఎడమవైపు మనిషి

మా విభాగంలో ప్లాస్టర్‌తో చేసిన మెదడు నమూనా ఒకటి ఉండేది. ముక్కలుగా విడదీసి మళ్ళీ అమర్చవచ్చు. నేను ఉద్యోగంలో చేరేనాటికే అందులో ఒక ముక్క పోయింది. ఎడమవైపు, చెవికి కాస్త పైన, వెనగ్గా. "ఇక్కడ ఉండాల్సింది ఏమిటి సార్?" అని విద్యార్థులు అడిగితే, "మీ థీసిస్‌లో మీరే చెప్పండి" అనేవాణ్ణి. అది హాస్యమే. ఒక్క అమ్మాయి మాత్రం నిజమనుకుంది.

మనస్తత్వశాస్త్రం ఆనర్స్ చదివే పిల్లల చేత చివరి ఏట చిన్న పరిశోధన ఒకటి చేయించి, దాన్ని థీసిస్‌గా రాయించడం నా పని. డెబ్బైల మొదట్లో విశాఖపట్నం వచ్చాను, రిటైరయ్యేదాకా అదే చేశాను. ఇప్పుడు ఆ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, పిల్లల చేత పరిశోధన ఎలా చేయించాలని అడుగుతుంటారు. నా ప్రమోషన్ల గొడవ వాళ్ళకు అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు. వాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

మొదట ఒక నిజం చెప్పాలి. ఆనర్స్ థీసిస్ వల్ల శాస్త్రం ముందుకు పోదు. అందులో జరిగేది వేరు. పట్టుమని ఇరవై ఏళ్ళు లేని ఒక మనిషి, జీవితంలో మొదటిసారి ఇంకొక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీ తలలో ఏం జరుగుతోందని అడుగుతాడు. జవాబు వస్తుంది. వచ్చాక దాన్ని ఏం చేయాలో తెలియదు. అది తెలియజెప్పడానికే మనకు జీతం.

నునుపైన గీత

ఒక కుర్రవాడు మరుపు మీద పని చేశాడు. హాస్టల్ మిత్రులకు అర్థంలేని అక్షరాలు కంఠస్థం చేయించి, ఎంత త్వరగా మరిచిపోతారో కొలిచాడు. గీసి తెచ్చిన గీత కొండవాలులా నునుపుగా దిగింది. "ఎంతమందిని అడిగావు?" అన్నాను. "చాలామందిని సార్." "వాళ్ళలో ఒక్కడికీ ఆ రోజు జ్వరం లేదా? ఒక్కడూ ఇంటి నుంచి ఉత్తరం రాలేదని ఏడవలేదా?" కుర్రవాడు తల వంచుకున్నాడు. మళ్ళీ చేసుకు రమ్మన్నాను. రెండోసారి తెచ్చిన గీత గతుకుల రోడ్డులా ఉంది. దానికి మంచి మార్కులు వేశాను.

మనుషుల నుంచి వచ్చే సమాచారం గరుకుగా ఉంటుంది. నునుపుగా కనిపించిందంటే ఎక్కడో చెయ్యి పడిందన్నమాట. ఈ సూత్రం నాకు ముప్ఫై ఏళ్ళు పనికొచ్చింది. ఒక్కసారి మాత్రం తప్పింది. ఆ ఒక్కసారి గురించే మిగతాదంతా.

వెన్ను

నా సంగతి కాస్త చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. మా తాతగారు బయటికి వెళితే వెనక మనుషులు నడిచేవారు. గొడుగు పట్టేవాడొకడు, తమలపాకుల పెట్టె మోసేవాడొకడు. నాన్నగారి కాలానికి ఎస్టేటు పోయింది, మనుషులు పోయారు, పెట్టె మిగిలింది. నాన్నగారు మాకు ఆస్తి ఇవ్వలేదు. కుర్చీలో వెనక్కి వాలకుండా కూర్చోవడం నేర్పారు. "వాలినవాడు అలిసినవాడు. మనం అలిసిన సంగతి ఊరికి తెలియకూడదు" అనేవారు.

మా వంశంలో నెల జీతం అందుకున్న మొదటివాణ్ణి నేనే. సీతమ్మధారలో అద్దె ఇంట్లో ఉంటూ, బస్సులో వేలాడుతూ కాలేజీకి వెళుతూ కూడా వెన్ను వంచలేదు. మా విభాగాధిపతి సోమయాజులు గారు గోదావరి జిల్లా మనిషి, మాటకారి. ఆయన నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "జమీందారు గారూ" అనేవారు. ఆ పిలుపులో ముల్లు ఉందని తెలిసే పలికేవాణ్ణి.

అడగని ప్రశ్న

ఎనభైల మొదట్లో నూకరత్నం నా దగ్గర థీసిస్‌కు చేరింది. ఆనందపురం దగ్గర పల్లెలో వ్యవసాయ కుటుంబం వాళ్ళది. తండ్రి అప్పలనాయుడు పొలం మీద బతకలేక రేవుకు వచ్చి, కళాసీగా మూటలు మోసి, చివరికి క్రేన్ ఆపరేటరయ్యాడు. ఒంటరిగా పనిచేసేవాళ్ళలో శ్రద్ధ ఎలా సడలుతుందో చూస్తానంది రత్నం. తండ్రీ, ఆయన తోటి ఆపరేటర్లూ ఉండనే ఉన్నారు.

సోమయాజులు గారు ఒక ప్రశ్నావళి ఇచ్చారు. అందులో ఒక ప్రశ్న: "పని సమయమున మీకు అవాస్తవ దృశ్యములు గోచరించునా?" రత్నం చదివి వినిపించింది. ఆపరేటర్లందరూ లేదన్నారు. ఒక్కరు కూడా తేడాగా చెప్పలేదు. అంత నునుపుగా వచ్చేసరికి నాకు అనుమానం వచ్చింది.

"అందరూ లేదనే అన్నారు సార్. కానీ మనం తలుపు సంగతి అడగలేదు కదా" అంది రత్నం.

"ఏ తలుపు?"

షిఫ్టు మారేటప్పుడు ఆమె కింద నిలబడి చూసిందట. దిగే ఆపరేటరు క్యాబిన్‌లోంచి బయటికొస్తాడు గాని తలుపు వెంటనే వదలడు. ఒక్క ఊపిరిసేపు తెరిచి పట్టుకుని పక్కకు తప్పుకుంటాడు, ఇంకెవరో బయటికి రావాల్సి ఉన్నట్టు. ఆ తరవాతే ఎక్కేవాడు లోపలికి పోతాడు. అందరూ అంతే. కొత్తగా చేరినవాడు కూడా, ఎవరూ చెప్పకుండానే.

"మా నాన్న ఇంట్లో కూడా అలాగే పట్టుకుంటారు సార్. గాలి కోసమేమో అనుకునేదాన్ని."

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. అప్పలనాయుడు బక్కపలచని మనిషి. నాకు కుర్చీ వేసి తాను గుమ్మంలో కూర్చున్నాడు. కూర ఏం వండమంటావని అడిగినంత మామూలుగా కూతురు అడిగింది: "నాన్నా, క్యాబిన్ల నీ ఎనక ఎవుడైనా కూకుంటాడా?"

"కూకోకేటి?" అన్నాడు. "ఎడంపక్క. కొంచెం ఎనక్కి."

"ఎవుడాడు?"

"నాకేటి తెలుసు? నాను ఆడి పేరు అడగనేదు. ఆడు నా పేరు అడిగినాడేటి?" అని, నా వైపు తిరిగాడు. "నవ్వకండి బాబుగారు. ఎక్కిన కాడ ఉండడు. హుక్కు కిందకి దించేసి, కళాసీలు బస్తాలు కట్టేదాకా కాసుకోవాల కదా. మోటారు గుయ్యిమంటాది. అప్పుడొస్తాడు. ఎనక్కి తిరిగి సూత్తే ఉండడు. ముందుకు తిరిగితే ఉంటాడు."

"భయం వేయదా?" అన్నాను.

"ఎందుకండి? నాను వంగితే ఆడూ వంగుతాడు. నాను జారబడితే ఆడూ జారబడతాడు. తోడుంటాడు. ఎప్పుడైనా కన్ను మూతపడితే ఆడు కదిలినట్టుంటాది, మెలకువొచ్చేత్తాది."

"మరి మొదట అడిగినప్పుడు లేదన్నారే?"

"ఆ కాయితంల గోచరం, గీచరం అన్నారు కదండి. మాకేటీ అగుపించదు. ఉంటాడు. అంతే."

పరిశోధకుడు తన పుస్తకం మాటల్లో అడిగితే, తన పుస్తకమే జవాబుగా వస్తుంది. అవతలివాడు ఇంట్లో ఏ మాటల్లో ఆలోచిస్తాడో ఆ మాటల్లో అడగాలి. ఇది రత్నం నాకు నేర్పిందని చెప్పుకోవడానికి నామోషీ లేదు.

రత్నం ఊహ

ఆమె మళ్ళీ అందరినీ అడిగింది. ఈసారి దాదాపు అందరూ ఉంటాడన్నారు. ఎడమవైపు, కాస్త వెనక. ఒక ఆపరేటరుకు కాలు మడిచి పిర్ర కింద పెట్టుకుని కూర్చోవడం అలవాటు. వెనకవాడు కూడా కాలు మడుచుకునే కూర్చుంటాడన్నాడు. ఇంకొకరికి భుజం నొప్పి, ఒక పక్కకు ఒరుగుతాడు. వెనకవాడూ అటే ఒరుగుతాడు. ఎవరికి వారు వేరువేరుగా చెప్పిన మాటలు. ఇదీ నునుపే, కానీ ఎక్కడా ఎవరి చెయ్యీ పడలేదు; నా సూత్రం తప్పింది ఇక్కడే.

రత్నం ప్లాస్టర్ మెదడు ముందు నిలబడి ఆ ఖాళీలో వేలు పెట్టింది. "సార్, మన ఒళ్ళు ఎక్కడుందో, ఎలా కూర్చుందో మెదడు లోపల ఒక బొమ్మ గీసుకుంటుంది కదా. బయటి నుంచి చూడ్డానికీ వినడానికీ కొత్తగా ఏమీ రాకపోతే ఆ బొమ్మ కొంచెం పక్కకు జారుతుందేమో. అప్పుడు మన ఒళ్ళే మనకు ఇంకొకడిలా తగులుతుంది. ఆ వెనకవాడు వేరెవరో కాదు సార్, మా నాన్నే."

నిరూపించడానికి మా దగ్గర ఏ పరికరమూ లేదు. ఊహ అని స్పష్టంగా రాయమన్నాను. కానీ ఆ రోజు ఇంటికి నడుస్తూ, నా ఉద్యోగంలో ఒక విద్యార్థి నోట విన్న మాటల్లో అదే గొప్పదని అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

ప్రయోగశాలలో సున్నం కొట్టిన గోడకు ఎదురుగా కుర్చీ వేసి, ఫ్యాను హోరులో కొందరు విద్యార్థులను కూర్చోబెట్టింది. ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు. నేనూ కూర్చున్నాను. నాకేమీ తెలియలేదు. "నా వెనక ఎవరూ లేరు" అన్నాను.

సోమయాజులు గారు గుమ్మంలోనే ఉన్నారు. "ఎలా ఉంటారండీ? జమీందారు గారి వెనక నడిచేవాళ్ళు పోయి చాన్నాళ్ళయింది కదా!"

అందరూ నవ్వారు. నేను వెన్ను నిటారుగా పెట్టుకుని లేచాను.

మొదటిసారి ఎక్కడం

విద్యార్థి పనిచేసే చోటు గురువు కళ్ళారా చూడాలి. అనుమతి తీసుకుని ఒక మధ్యాహ్నం అప్పలనాయుడితో పాటు క్రేన్ ఎక్కాను. ఇనుప మెట్ల మీద ఎర్రటి దుమ్ము. పైన గాజుపెట్టెలాంటి గది. కింద మనుషులు కదులుతారు, మాటలు మాత్రం పైకి రావు. ఎదురుగా ఓడ, దాని అవతల సముద్రం. అప్పలనాయుడి సీటుకు ఎడమపక్కన, కాస్త వెనక, చిన్న ఇనుపపెట్టె ఉంది. దాని మీద కూర్చోబోయాను.

"అక్కడొద్దు బాబుగారు. ఇటేపు కూకోండి" అన్నాడు కంగారుగా.

నేను కూర్చోవాల్సిన చోటు ఇంకొకరు చూపించే అలవాటు మా ఇంట్లో లేదు. అక్కడే కూర్చున్నాను, నిటారుగా. దిగేదాకా అలాగే ఉన్నాను. నాకేమీ అనిపించలేదు. దిగేటప్పుడు అతను మామూలుగానే తలుపు పట్టుకున్నాడు. నేను బయటికొచ్చేశాను. అతను మాత్రం లోపలికి చూస్తూ మామూలుకంటే ఎక్కువసేపు ఉండిపోయాడు.

సోమయాజులు గారి ఉత్సాహం

థీసిస్ చిత్తుప్రతి చదివి సోమయాజులు గారు నన్ను పిలిచారు. కళ్ళు మెరుస్తున్నాయి. "ఏవండోయ్ జమీందారు గారూ, ఇది చిన్న విషయం కాదు. అంతెత్తున బరువులు తిప్పే మనుషులకు భ్రమలు! ఒక ప్రతి రేవు డాక్టరుకు పంపిద్దాం. పెద్ద ప్రాజెక్టు వస్తుంది. విభాగానికి పేరొస్తుంది."

"వాళ్ళను క్యాబిన్ నుంచి దించేస్తారండి."

"పేర్లు లేవు కదా?"

"ఊళ్ళో ఉన్నది ఒక్కటే రేవు. రాసినమ్మాయి తండ్రి ఎవరో రేవంతా తెలుసు."

"శాస్త్రం ఎవరి మొహమూ చూడదండీ" అన్నారాయన. శాస్త్రం చూడదు నిజమే. పంపేవాడు చూడాలి. ఆయన చెడ్డవాడు కాదు. గొప్ప ప్రశ్నకు ఎవరో ఒకరు మూల్యం చెల్లించక తప్పదని నమ్మే మనిషి. ఆ ఎవరో తమ ఇంటివాళ్ళు కానంతకాలం చాలామంది అలాగే నమ్ముతారు. కొత్తవాళ్ళు ఇలాంటి పై అధికారిని తప్పక ఎదుర్కొంటారు.

సాయంత్రం రత్నం వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. "థీసిస్ వెనక్కి తీసుకుంటాను సార్. ఆనర్స్ పోతే పోనీ."

"మీ నాన్నకు తెలిసిపోయిందా, డాక్టరుకు పంపుతారని?"

"అదొకటే కాదు సార్. మీరు ఎక్కిన రోజు నుంచీ వెనకవాడు వంగడం లేదట. నాన్న వంగినా, జారబడినా వాడు నిటారుగానే ఉంటున్నాడట. మీలాగ కూర్చున్నాడంటారు. ఇన్నాళ్ళూ తోడున్నట్టుండేది, ఇప్పుడు ఎవరో పై అధికారి వెనక ఉండి చూస్తున్నట్టుందంటారు. చెయ్యి తడబడుతోంది. మొన్న బస్తాల వల ఊగి ఒక కళాసీ తల పక్క నుంచి పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు."

"నన్నేం చేయమంటారు మీ నాన్న?"

రత్నం నా కళ్ళలోకి చూడలేదు. "బాబుగారు మళ్ళీ ఎక్కి ఆడ్ని తీసుకెళ్ళిపోవాలి అన్నారు సార్. నేను మీతో చెప్పనన్నాను."

రెండోసారి ఎక్కడం

నేను శాస్త్రం చదివినవాణ్ణి. అప్పలనాయుడు ఇన్నాళ్ళూ ఎవరినీ చూడని చోట ఒక మనిషిని కళ్ళారా చూశాడు కాబట్టి, ఆ రూపం అతని మనసులో అక్కడ నిలిచిపోయిందని నాకు తెలుసు. వివరించి చెబితే పోయేది కాదని కూడా తెలుసు. అందుకని ఎక్కాను.

"ఈసారి ఎక్కడ కూర్చోమంటారు?" అని నేనే అడిగాను. నా జీవితంలో ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

కుడిపక్కన గోనె పరిచి చూపించాడు. కూర్చున్నాను. హుక్కు కిందికి దిగింది. కళాసీలు బస్తాలు సర్దుతున్నారు. మోటారు హోరు. ఎండలో సముద్రం తెల్లగా, సున్నం కొట్టిన గోడలా ఉంది. చాలాసేపు అలాగే చూస్తూ ఉన్నాను.

ఎప్పుడు వచ్చాడో చెప్పలేను. చప్పుడు లేదు, ఊపిరి లేదు. చీకట్లో మన చెయ్యి ఎక్కడుందో మనకు ఎలా తెలుస్తుందో అలా తెలిసింది. నాకు ఎడమవైపు, కాస్త వెనక, దేనికీ ఆనని ఒక వెన్ను. తల తిప్పబుద్ధి కాలేదు.

అప్పలనాయుడు చేతులు హ్యాండిళ్ళ మీదే ఉన్నాయి. ముందుకే చూస్తూ అన్నాడు: "ఉన్నాడు కదండి?"

"ఉన్నాడు" అన్నాను.

దిగే వేళకు నేను ముందు బయటికొచ్చాను. "తలుపు మీరే పట్టుకోండి బాబుగారు. నాను పట్టుకుంటే రాడు" అన్నాడు లోపలి నుంచే. పట్టుకుని పక్కకు తప్పుకున్నాను. నన్ను దాటి ఏదీ పోలేదు, గాలి కూడా కదల్లేదు. కానీ తలుపు ఎప్పుడు వదలాలో చేతికి తెలిసింది.

కింద కాసుకుని ఉన్న ఆపరేటరు నవ్వాడు. "ఏటి బావా, బాబుగారు కూడా మనోడైపోనారేటి?"

"నోర్మూసుకుని ఎక్కు బావా" అన్నాడు అప్పలనాయుడు. అతని ముఖంలో మాత్రం నెలరోజుల బరువు దిగింది.

చివరి పరిశీలన

రత్నం థీసిస్‌లో ఒక పుట చేర్పించాను. మిగతావాళ్ళకు పేర్లు లేవు. ఈ పుటలో నా పేరు, నా హోదా, నాకు కలిగిన అనుభవం ఉన్నాయి. కింద సంతకం పెట్టి సోమయాజులు గారి బల్ల మీద పెట్టాను. చదివారు. అద్దాలు తీసి నన్ను చూశారు.

"ఇదేమిటండీ?"

"ఈ అనుభవం కలిగినవాడు పనికి తగడని డాక్టరు అంటే, ముందు నన్ను పాఠాల నుంచి తప్పించాలి. ఇప్పుడు పంపండి."

"విభాగం నవ్వులపాలవుతుంది! పరువేం కావాలి?"

"పరువు సంగతి మీకంటే నాకు బాగా తెలుసండి. అది పోయిన ఇంట్లో పుట్టాను."

కాగితాలు కాసేపు అటూ ఇటూ తిప్పారు. "సర్లెండి. ఎక్కడికీ పంపను. అమ్మాయి థీసిస్ ఇక్కడే ఉంటుంది" అన్నారు చివరికి. అంతటితో ఊరుకోలేక పకపకా నవ్వారు. "మొత్తానికి జమీందారు గారి వెనక ఒక మనిషి చేరాడన్నమాట!"

నేను గదిలోంచి బయటికి వచ్చి, ఆలోచించకుండానే, తలుపు ఒక్క ఊపిరిసేపు తెరిచి పట్టుకున్నాను. లోపల నవ్వు ఆగిపోయింది.

రత్నం ఆనర్స్ పాసయింది. తరవాత తగరపువలసలో టీచరైంది. అప్పలనాయుడు రిటైరయ్యేదాకా క్యాబిన్‌లోనే పనిచేశాడు. అతని వెనకవాడు నేను దిగిన మర్నాటి నుంచే మళ్ళీ అతనితో పాటు వంగడం మొదలుపెట్టాడట.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మీ పిల్లలు ఎవరినైనా ఒక ప్రశ్న అడిగే ముందు, ఆ జవాబు వల్ల ఎవరి సీటు పోతుందో ఆలోచించండి. పోయే పక్షంలో, ముందు మీ సీటు పణంగా పెట్టడానికి సిద్ధపడండి. తక్కినవి పుస్తకాల్లో ఉన్నాయి.

రత్నం ఊహ సరైనదని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఆ వెనకవాడు మన ఒంటి బొమ్మే. మనం ఎలా కూర్చుంటే అలాగే కూర్చుంటాడు. క్రేన్ దిగిన రోజు నుంచీ నా వెనక ఉన్నవాడు నాలాగే నిటారుగా కూర్చున్నాడు, ఇన్నేళ్ళూ అందులో తేడా రాలేదు.

కిందటి ఏడు నా వెన్నుపూసలు అరిగాయి. నిటారుగా కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పడక్కుర్చీ కొన్నాను. జీవితంలో మొదటిసారి వెనక్కి వాలి కూర్చుని ఇది రాస్తున్నాను. రత్నం లెక్క ప్రకారం నా వెనకవాడు కూడా వాలాలి.

వాలలేదు.